అంగులిముద్దిక: దొరికిన ఉంగరానికి ఆనవాలు

పురాతన వస్తువులన్నింటిలో అక్షరాలు చెక్కిన బంగారు ఉంగరం అతి తేలికగా మాయమయ్యే వస్తువు. స్తూపం ఉన్నచోటే ఉంటుంది. శాసనస్తంభాన్ని పెకలించి గుడిమెట్టుగా వేసుకున్నా ఊరు దాటదు. ఉంగరం మాత్రం మనిషి వేలికి ఉండి సముద్రం దాటుతుంది, నీటిరేవులో జారిపోతుంది, దుక్కిలో మళ్లీ పైకి వస్తుంది. మట్టిలో ఎన్ని శతాబ్దాలు ఉన్నా బంగారానికి తుప్పు పట్టదు. పైకి వచ్చాక కంసాలి మూసలో పడితే కొద్దిసేపట్లోనే అక్షరాలూ చరిత్రా కరిగిపోతాయి. అటువంటి ఉంగరాలలో అత్యధికం పురావస్తు తవ్వకాల్లో దొరికినవి కావు. రైతులు, బెస్తవారు, కూలీలు, పూసలు ఏరుకునేవారు అనుకోకుండా కనుగొన్నవి. కాబట్టి ఉంగరాన్ని చదవడం అంటే దాని మీది అక్షరాలను చదవడం మాత్రమే కాదు. దాన్ని మొదట చూసినవారు ఏం చేశారన్నది కూడా చదవాలి.

దక్షిణ అండమాన్‌లో ఫెరార్‌గంజ్ తహసీలులోని తుష్నాబాద్ వంటి పల్లెలో, పెరటి మట్టి తిరగవేస్తుండగా, మీనా పని ఉండి అక్షరాలు చెక్కిన బంగారు ఉంగరం ఒకటి బయటపడిందని ఊహిస్తే, పరిశోధకుని ముందు నిలిచే ప్రశ్నలు ఎలాంటివో తెలుస్తుంది. అండమానీయులు లోహపు గనులు ఎరగరు. పంతొమ్మిదో శతాబ్దపు పరిశీలకుల రాతల ప్రకారం, ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల శిథిలాల నుంచి ఇనుము తీసి, దాన్ని సాగగొట్టి బాణపు మొనలు చేసుకున్నారు. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారి వద్ద జరీన్ కూపర్ తవ్విన గవ్వల దిబ్బ సుమారు 2,200 సంవత్సరాల నాటిదని కర్బన పరీక్షలో తేలింది. అంత పాత మానవ నివాసం ఉన్న నేలలో ఏ ఉంగరమైనా సముద్రం మీదుగానే వచ్చి ఉండాలి. అయితే ఏ శతాబ్దపు సముద్రం?

ఇక్కడ మీనా పని సాక్ష్యం చెబుతుంది. ప్రాచీన భారతీయ ఉంగరాలలో రాతి పొదుగు ఉంది, చెక్కడం ఉంది, గవ్వముత్యపు పని ఉంది. లోహం మీద రంగుగాజు కరిగించి పోసే మీనాకారి మన దేశంలో విస్తారంగా కనిపించేది మొఘలుల కాలం నుంచే. కనుక ఉంగరం మీద మీనా ఉంటే శాతవాహనుల కాలాన్ని ముందుగా పక్కన పెట్టాలి. పక్కన పెట్టాక మిగిలే అవకాశాలలో ఒకటి ఆంగ్లేయుల సంస్మరణ ఉంగరం. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఎవరైనా మరణిస్తే వారి పేరు, మరణతేదీ, వయస్సు బంగారు ఉంగరం చుట్టూ మీనాలో రాయించి బంధుమిత్రులకు పంచే ఆచారం ఉండేది. సాధారణంగా నల్లని మీనా వాడేవారు. పోయినవారు పిల్లలో అవివాహితులో అయితే తెల్లని మీనా. 1789లో ఆర్చిబాల్డ్ బ్లేయర్ చాథం దీవిలో ఈస్టిండియా కంపెనీ స్థావరాన్ని స్థాపించాడు. 1792లో దాన్ని ఉత్తరపు రేవుకు మార్చారు. జ్వరాల వల్ల మరణాలు పెరిగి 1796లో ఆ స్థావరాన్ని వదిలేశారు. 1858లో శిక్షాస్థావరం మొదలైంది. ఏ కాలపు అధికారి వేలినుంచైనా ఇలాంటి ఉంగరం జారి ఉండవచ్చు. పాతదనగానే బౌద్ధ యుగానికి ఎత్తుకెళ్లే ఆతురత మన స్థానిక చరిత్రరచనలో తరచు కనిపిస్తుంది. మీనా చుక్క ఒక్కటి ఆ ఆతురతకు పగ్గం వేస్తుంది.

నల్లని పూత కనిపించినంత మాత్రాన అది మీనా అనుకోవడమూ పొరపాటే. ఈ విషయానికి ఇంగ్లండులోనే దొరికిన రెండు ఉంగరాలు మంచి ఉదాహరణ. 1780లో విల్ట్‌షైర్‌లోని లావర్‌స్టాక్ వద్ద బండిచక్రపు జాడలో ఒక బంగారు ఉంగరం దొరికింది. ఇద్దరు మయూరాలు ఎదురెదురుగా చెట్టుకు ఇరువైపులా నిలిచిన చిత్రం, దాని కింద ‘ఎథెల్‌వుల్ఫ్’ అన్న పేరు, రాజును సూచించే అక్షరం ఉన్నాయి. ఈయన 839 నుంచి 858 వరకు వెసెక్స్‌ను ఏలిన రాజు, ఆల్ఫ్రెడ్‌కు తండ్రి. ఉంగరం సాలిస్‌బరీలోని వెండిపనివాని చేతికి బంగారం తూకం ధరకే చేరింది. రాడ్నర్ ప్రభువు కొని ఉండకపోతే కరిగిపోయి ఉండేది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండవది 1870లో యార్క్‌షైర్‌లోని అబర్‌ఫర్డ్ సమీపంలో నాగలికి తగిలింది. దున్నినవాడు దాన్ని తన కుక్క మెడపట్టీకి తగిలించాడట. ఉంగరం లోపలివైపు గీసిన అక్షరాలలో ఎథెల్‌స్విత్ రాణి పేరుంది. ఆమె ఎథెల్‌వుల్ఫ్ కుమార్తె. కుక్క మెడలో కొంతకాలం ఊగిన వస్తువు తొమ్మిదో శతాబ్దపు రాజకుటుంబానిదని తేలడానికి ఆ లోపలి గీతలే ఆధారం.

రెండు ఉంగరాలలోనూ చిత్రాల చుట్టూ కనిపించే నలుపు మీనా కాదు. వెండిని గంధకంతో కలిపి కరిగించి గాడుల్లో నింపే నల్లని పూరకం. గాజు కాదు, లోహ గంధకం. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కాలనిర్ణయంలో మాత్రం వందల ఏళ్ల తేడా తెస్తాయి. మరొక విషయం కూడా గమనించదగినది. ఎథెల్‌వుల్ఫ్ పేరు సూటిగా, మనం చదివే దిశలో ఉంది. అంటే అది లక్క మీద అద్దడానికి చేసిన ముద్ర కాదు. ముద్ర కోసం చెక్కే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. రాజు పేరున్న ఉంగరం రాజు తొడుక్కున్నదే కావాలనీ లేదు. రాజు తన ఆప్తులకు ఇచ్చినదీ కావచ్చు. ఏ ఉంగరం దొరికినా మొదట చూడవలసినది ఈ అక్షరాల దిశ. తిరగబడి ఉంటే దాని వెనుక ఉత్తరాలు, మూటలు, కొట్లు, లెక్కలు ఉన్నాయి. సూటిగా ఉంటే బంధుత్వమో భక్తో ఉంది.

తెలుగులో ముద్ర ఉంగరానికి ‘ముద్దుటుంగరం’ అన్న చక్కని మాట ఉంది. పాలిలో ‘అంగులిముద్దికా’. సీతకు హనుమంతుడు ఆనవాలుగా ఇచ్చినది రాముని పేరున్న ఉంగరమే. కాళిదాసు నాటకం పేరులోని ‘అభిజ్ఞానం’ అన్న మాటకు అర్థం ఆనవాలే. ఆ నాటకంలో ఉంగరం దొరికిన తీరు పురావస్తు పరిశోధకులు మళ్లీ చదవదగినది. బెస్తవాడు రోహిత మత్స్యాన్ని కోయగా దాని కడుపులో రాజు పేరున్న ఉంగరం కనిపించింది. అమ్మబోతుండగా రక్షకభటులు పట్టుకుని, దొంగ అన్నారు, కొట్టారు, చంపుతామన్నారు. రాజు ఉంగరం చూసి దాని విలువకు సమానమైన ధనాన్ని పంపితే, అందులో సగం ఆ భటులకే ముట్టింది. దొరికిన వస్తువును బయటపెట్టడానికి సామాన్యుడు ఎందుకు భయపడతాడో ఈ ఒక్క రంగం చెబుతుంది. విశాఖదత్తుని ముద్రారాక్షసంలోనూ కథ నడిపేది ఒక గడపలో జారిపడిన ముద్దుటుంగరమే. అక్కడ అది చాణక్యునికి చేరి, దొంగ ఉత్తరానికి అసలైన ముద్ర అవుతుంది.

అయితే దొరికిన ఉంగరాన్ని గురించి కథ కాక నియమం చెప్పిన గ్రంథం వినయపిటకం. పాచిత్తియాలలో 84వది, రత్న శిక్షాపదం. దాని వెనుక మూడు సంఘటనలు ఉన్నాయి. మొదటిది శ్రావస్తిలో, అచిరవతీ నదిలో. ఒక భిక్షువు స్నానం చేస్తుండగా, అక్కడే స్నానం చేసి వెళ్లిన ఒక బ్రాహ్మణుడు ఐదువందల నాణేల సంచి మరిచిపోయాడు. పోతుందేమోనని భిక్షువు దాన్ని తీసి ఉంచాడు. వెతుక్కుంటూ వచ్చిన బ్రాహ్మణునికి ఇచ్చివేశాడు. దొరికించిన వారికి ఇవ్వవలసిన బహుమానాన్ని ఎగ్గొట్టడానికి బ్రాహ్మణుడు ‘నావి ఐదువందలు కావు, వెయ్యి’ అని ఆ భిక్షువునే నిలదీశాడు. దాంతో విలువైన వస్తువును భిక్షువు తీయరాదని నియమం ఏర్పడింది.

రెండవది విశాఖ నగల మూట. ఉత్సవం రోజున అలంకరించుకుని ఉద్యానానికి బయలుదేరిన విశాఖ, మనసు మార్చుకుని బుద్ధుని దర్శనానికి వచ్చి, నగలు తీసి ఉత్తరీయంలో మూటగట్టి దాసికి ఇచ్చింది. దాసి మరిచిపోయింది. భిక్షువులు చూశారు కాని, నియమం ఉంది కనుక ముట్టుకోలేదు. విషయం విన్న బుద్ధుడు ఆరామం లోపల దొరికిన వస్తువును తీసి భద్రపరచవచ్చని సడలింపు ఇచ్చాడు.

మూడవది నేరుగా ఉంగరం కథ. కాశీ జనపదంలో అనాథపిండికునికి ఒక పనిపాటల గ్రామం ఉండేది. భిక్షువులు వస్తే భోజనం పెట్టమని అక్కడి తన మనిషికి ఆయన చెప్పి ఉంచాడు. చారికలో ఉన్న భిక్షువులు వచ్చారు. ఆ మనిషి మరునాటికి భోజనం ఏర్పాటు చేసి, వడ్డించే ముందు వేలి ఉంగరం తీసి పక్కన పెట్టాడు. వడ్డన అయ్యాక, ‘మీరు భుజించి వెళ్లండి, నేను పనికి పోతాను’ అని చెప్పి ఉంగరం మరిచి వెళ్లిపోయాడు. భిక్షువులకు అది కనిపించింది. అది ఆరామం కాదు, నియమం ప్రకారం తీయరాదు. వదిలి వెళితే పోతుంది. వారు ఏమీ చేయలేక అక్కడే కూర్చుండిపోయారు. పని నుంచి తిరిగి వచ్చినవాడు ‘ఇంకా ఇక్కడే ఉన్నారేమిటి’ అని అడిగేవరకు ఆ ఉంగరానికి కాపలా కాశారు. ఈ సంగతి తెలిశాక బుద్ధుడు నియమాన్ని మరికొంత విస్తరించాడు. ఆరామంలోనే కాక, తాము బస చేసిన చోట కూడా విలువైన వస్తువును తీసి, ‘ఎవరిదో వారు తీసుకుపోతారు’ అన్న భావంతో భద్రపరచాలి.

నియమానికి ఉన్న వివరణ పదవిభంగం ఇంకా ఆసక్తికరం. తీసిన వస్తువును రూపం చేతనో, నిమిత్తం చేతనో, అంటే ఆకారమో గుర్తో చూసుకుని ఉంచాలి. ‘ఎవరి వస్తువు పోయిందో వారు రండి’ అని చాటాలి. వచ్చినవానికి వస్తువు చూపించకూడదు, ముందు అతనినే ‘నీ వస్తువు ఎలాంటిది’ అని అడగాలి. చెప్పిన ఆనవాళ్లు సరిపోతే ఇవ్వాలి. సరిపోకపోతే ‘వెతుక్కో’ అనాలి. ఆ చోటు విడిచి వెళ్లవలసి వస్తే తగిన భిక్షువుల చేతిలో పెట్టాలి. వారు లేకపోతే తగిన గృహస్థుల చేతిలో పెట్టాలి. బంగారం వెండి స్వీకరించరాదన్న నిస్సగ్గియ నియమం ఒకవైపు ఉండగానే, ఇతరుల బంగారానికి వర్ణన రాసుకుని, చాటింపు వేసి, అప్పగింత వరకు కాపాడే బాధ్యత మరోవైపు సంఘం మీద పడింది. ఆధునిక మ్యూజియంలో వస్తువు చేరినపుడు ప్రవేశ పుస్తకంలో రాసే అంశాలకూ దీనికీ ఉన్న దగ్గరితనం ఆశ్చర్యం కలిగిస్తుంది. వర్ణన, గుర్తులు, ఎవరు అప్పగించారు, ఎవరికి అప్పగించారు. మన విహారాల ప్రాంగణాల్లో పునాదులు తీసేటప్పుడు పాత వస్తువులు బయటపడడం అరుదేమీ కాదు గనుక, ఈ శిక్షాపదాన్ని పారాయణకే పరిమితం చేయనక్కరలేదు.

రాజ్యం చేసిన నియమాలు వేరు దారిలో నడిచాయి. కౌటిల్యుడు గనిని, రత్నాన్ని, నిధిని కనుగొని తెలియజేసినవానికి ఆరో వంతు ఇమ్మన్నాడు, భృత్యుడైతే పన్నెండో వంతు. లక్షకు మించిన నిధి రాజుదే. తెలుగు నేలలో అగ్రహార దానశాసనాలు చదివినవారికి అష్టభోగాలు తెలిసినవే: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. భూమితో పాటు దానిలో దాగిన నిధి మీది హక్కును కూడా రాజు ముందుగానే వదులుకునేవాడు. ఎనిమిదింటిలో మొదటి రెండూ పాతిన సొమ్ముకు సంబంధించినవే కావడం మధ్యయుగాల నేల గురించి ఏదో చెబుతూనే ఉంది.

నేడు అమలులో ఉన్న భారత నిధి చట్టం 1878 నాటిది. నేలలో దాగి ఉన్న 10 రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరికితే, దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వస్తువు స్వభావం, విలువ, దొరికిన చోటు, దొరికిన తేదీ చెప్పాలి. వస్తువును ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా తగిన పూచీ ఇవ్వాలి. హక్కుదారుల కోసం కలెక్టరు ప్రకటన ఇస్తాడు. విచారణ తేదీ ఆ ప్రకటనకు నాలుగు నెలలకు ముందు గాని, ఆరు నెలల తరువాత గాని ఉండరాదు. సొంతదారు లేడని తేలి, భూస్వామి హక్కు కోరితే, ఇద్దరి మధ్య ఒప్పందం లేనపుడు మూడు పాళ్లు దొరికినవారికి, ఒక పాలు భూస్వామికి. ఇంతవరకు చట్టం వినయ నియమం లాగే సాగుతుంది. వర్ణన, చాటింపు, ఎదురుచూపు, అప్పగింత. చోటు, తేదీ అడగడం పురావస్తు దృష్టితో కూడా మేలైనదే.

తేడా వచ్చేది ధర దగ్గర. ప్రభుత్వం ఆ వస్తువును తానే తీసుకోదలిస్తే లోహపు విలువ, దాని మీద ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. ఉంగరం మీద అక్షరాలకు, వాటి పాతదనానికి ఈ లెక్కలో ధర లేదు. కంసాలి లోహపు విలువ అక్కడికక్కడే చేతిలో పెడతాడు. ప్రభుత్వం ఐదో వంతు అదనంగా ఇచ్చినా అది నెలల తరువాతి మాట. ఇంగ్లండులో 1996 చట్టం కింద 300 ఏళ్లు దాటిన బంగారు, వెండి వస్తువులకు నిపుణుల సంఘం మార్కెట్ ధర నిర్ణయిస్తుంది, దాన్ని దొరికినవారికి, భూస్వామికి ఇస్తారు. ఆ పద్ధతికీ లోపాలున్నాయి, అక్కడ పరికరాలతో నేల గాలించే అలవాటు పెరిగింది. అయినా మన చట్టం 1878 నుంచి కదలకపోవడం వల్ల కరిగిపోతున్నవి ఏమిటన్నది ఆలోచించవలసిన విషయమే. 1976 నుంచి అమలులో ఉన్న పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన వస్తువుల ఎగుమతిని అడ్డుకుంటుంది గాని, ఊరి కంసాలి మూసను అడ్డుకోలేదు.

మూలసర్వాస్తివాద వినయంలో ఉంగరాల కథ మరో మలుపు తిరుగుతుంది. క్షుద్రకవస్తువు అనే భాగంలో, షడ్వర్గీయ భిక్షువులు విలువైన లోహాలతో ముద్రఉంగరాలు చేయించుకుని వేళ్లకు తొడిగారనీ, వాటి మీద అసభ్య చిత్రాలు చెక్కించారనీ ఉంది. ఉంగరాలను నిషేధించిన బుద్ధుడు, సంఘం కొట్లలో సామాను దొంగలు దోచుకుపోయినపుడు ముద్రలను మాత్రం అనుమతించాడు. ముద్రలు ఇత్తడి, రాగి, కంచు, దంతం, కొమ్ము వంటి ఐదు పదార్థాలతోనే చేయాలి. సంఘపు ముద్ర మీద ధర్మచక్రం, ఇరువైపులా జింకలు, కింద విహారదాత పేరు ఉండాలి. వ్యక్తిగత ముద్ర మీద ఎముకల గూడో పుర్రెనో ఉండాలి. ముద్ర వేసిన ప్రతిసారీ అనిత్యత గుర్తుకు రావడానికి.

ఇది పుస్తకపు మాటగానే మిగిలిపోలేదు. నలందాలో దొరికిన మట్టి ముద్రికల మీద చక్రం, రెండు జింకలు, కింద నలందా మహావిహార ఆర్యభిక్షుసంఘానిదన్న రాత ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లా రాజ్‌బాడీడాంగా తవ్వకాల్లో ఇదే నమూనాలో రక్తమృత్తికా మహావిహారపు ముద్రిక దొరికింది. ఆ ఒక్క మట్టిబిళ్ల వల్ల కర్ణసువర్ణపు విహారం ఎక్కడిదో తేలింది. అంతకంటే ముఖ్యంగా, 1834లో మలయా ద్వీపకల్పం పశ్చిమ తీరంలో కెడా ప్రాంతాన కెప్టెన్ జేమ్స్ లోకు దొరికిన పలక శాసనంలోని ప్రశ్న విడింది. స్తూపచిత్రం ఉన్న ఆ పలక మీద, సుమారు ఐదో శతాబ్దపు లిపిలో, రక్తమృత్తిక నివాసి మహానావిక బుద్ధగుప్తుని పేరుంది. రక్తమృత్తిక సయాం వైపు ఉండేదని కొందరు పండితులు చాలాకాలం వాదించారు. తవ్వకంలో, నిర్దిష్టమైన పొరలో, విహార శిథిలాల మధ్య దొరికిన ముద్రిక ఆ వాదాన్ని బెంగాల్ వైపు తిప్పింది. లో పలక చోటు చెడి దొరికినది. ముద్రిక చోటు చెడకుండా దొరికినది. రెండవది లేకపోతే మొదటిది ఇంకా సయాం దగ్గరే తిరుగుతూ ఉండేది.

బుద్ధగుప్తుని ఓడ బెంగాల్ నుంచి కెడాకు చేరాలంటే అండమాన్, నికోబార్ దీవుల మధ్యగానో పక్కగానో పోవాలి. క్షుద్రకవస్తువును చైనా భాషలోకి అనువదించిన ఇత్సింగ్ కూడా ఆ దారినే వచ్చాడు. 671లో కాంటన్ నుంచి బయలుదేరి, శ్రీవిజయలో ఆరు నెలలు ఉండి, కెడా నుంచి ఉత్తరంగా పది రోజులకు పైగా ప్రయాణించి ‘నగ్నుల దేశం’ చేరాడు. నికోబార్‌గా పండితులు గుర్తించే ఆ దీవివాసులు కొబ్బరికాయలు, అరటిపళ్లు, వెదురు, పేము వస్తువులు తెచ్చి ఓడవారితో మార్పిడి చేసేవారనీ, వారికి కావలసినది ఇనుమేననీ రాశాడు. రెండు వేళ్లంత ఇనుప ముక్కకు ఐదు నుంచి పది కాయలు. అక్కడి నుంచి అర్ధమాసం వాయవ్యంగా సాగి 673లో తామ్రలిప్తికి చేరాడు. బంగారు ఉంగరం ధరించరాదన్న నియమాన్ని తరువాతి కాలంలో తన చేతితో చైనీయంలో రాసిన భిక్షువు, బంగారం కంటె ఇనుము విలువైన దీవులను కళ్లారా చూసినవాడు. తుష్నాబాద్ ఊహకు ఇదొక హెచ్చరిక. ఆ దీవుల్లో ఒకనాటి ఓడ నుంచి ఉంగరం చేతులు మారి ఉంటే అది ధనంగా కాక మెరిసే లోహపు ముక్కగా మారి ఉంటుంది, దొరికే చోటు వర్తకుల స్థావరం కానక్కరలేదు.

ఆంధ్ర తీరం ఈ దారికి ఒక మొదలు. టాలెమీ మైసోలియా ప్రాంతంలో కొంటకొస్సిల అనే వర్తకపు రేవును, దానికి ఎగువన సువర్ణభూమికి ఓడలు తీరం విడిచే చోటును పేర్కొన్నాడు. కొంటకొస్సిల కృష్ణా జిల్లా ఘంటసాలే. అక్కడి ప్రాకృత శాసనాల్లో కంటకసోల పేరు, మహానావిక శివకుని పేరు ఉన్నాయి. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం, కంటకసోల మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఆమె రాతిమండపం కట్టించినట్టు చెబుతుంది. ఇక్కడ నావికులూ ఉపాసికలూ రాతి మీద నిలిచారు. వారి వేళ్లకున్న ముద్దుటుంగరాలు ఏమయ్యాయన్నది ఊహించడం కష్టం కాదు.

చోటు చెడకుండా దొరికితే చిన్న వస్తువు ఎంత చెప్పగలదో భట్టిప్రోలు చూపించింది. అప్పటికే రోడ్లకూ కట్టడాలకూ ఇటుకలు తరలిపోయి స్తూపం సగం చెడి ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ మధ్యభాగంలో తవ్వి, ఒకదాని కింద ఒకటిగా మూడు రాతి మంజూషలను తీశాడు. స్ఫటిక భరిణె, బంగారు పూలు, ముత్యాలు, నాణేలు వాటిలో ఉన్నాయి. మంజూషల అంచుల మీది అక్షరాలను బ్యూలర్ చదివి ప్రకటించాడు. కుబిరక రాజు, గోష్ఠి, నిగమసభ్యుల పేర్లు, మంజూష చేయించిన కుటుంబం పేర్లు. ఏ బంగారు పువ్వు ఏ మంజూషలోదో తెలుసు కనుక, ఆ పేర్లు ఏ దానానికి సంబంధించినవో తెలుసు. భట్టిప్రోలు ధాతువును 1920లో కలకత్తాలోని ధర్మరాజిక చైత్యవిహారంలో ప్రతిష్ఠించారు. మంజూషలు మద్రాసు మ్యూజియంలోనే ఉన్నాయి. భక్తికీ చరిత్రకూ కలిపి చేసిన ఆ పంపకం గురించి మన భిక్షువుల్లో, పరిశోధకుల్లో వేర్వేరు అభిప్రాయాలున్నా, రెండుచోట్లా ఆనవాలు మాత్రం చెడలేదు.

సముద్రానికి ఆవలి ఒడ్డున ఆనవాలు చెడిన ఉంగరాలే ఎక్కువ. వియత్నాంలో మెకాంగ్ డెల్టాలోని ఓక్ ఏవో వద్ద గ్రామస్థులు 1940ల మొదట్లోనే బంగారం కోసం నేల తవ్వుతున్నారు. లూయీ మాలెరే 1944లో తవ్వకం ప్రారంభించేనాటికే చాలా వస్తువులు చేతులు మారాయి. ఆయన వాటిని గ్రామస్థుల దగ్గర కొని, జాబితా రాసి, కొన్నింటినైనా కాపాడాడు. కూర్చున్న నంది బొమ్మ గల బంగారు ఉంగరాలు, బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపిలో పేర్లున్న ముద్రలు, రోము చక్రవర్తి ఆంటొనినస్ పయస్ బొమ్మ గల బంగారు పతకం వాటిలో ఉన్నాయి. జావాలో దొరికిన ‘శ్రీ’ అక్షరం గల బంగారు ఉంగరాలు లోకంలోని ఎన్నో మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిలో అత్యధికం వ్యాపారుల చేతుల మీదుగా వచ్చినవి. ఏ ఊరి మట్టిలోవో చెప్పే కాగితం వాటికి లేదు. అక్షరం ఒక్కటే మిగిలితే, దాన్ని లక్ష్మి అనాలా, శుభసూచకం అనాలా, పేరుకు ముందుమాట అనాలా అన్న చర్చ ఎంతకీ తేలదు.

అండమాన్ సముద్రానికి తూర్పు ఒడ్డున, థాయిలాండులోని క్రాబి ప్రాంతంలో ఖ్లాంగ్ థామ్ అనే ఊరుంది. దాని పక్కనున్న ‘పూసల దిబ్బ’ను గ్రామస్థులు పూసల కోసం ఏళ్ల తరబడి తవ్వారు. దొరికినవాటిలో కొన్నింటిని అక్కడి బౌద్ధ విహారపు ఆచార్యుడు సేకరించి విహారంలోనే భద్రపరచాడు. అదే నేటి వాట్ ఖ్లాంగ్ థామ్ మ్యూజియం. అందులో చిన్న దీర్ఘచతురస్రపు గీటురాయి ఒకటి ఉంది. దాని మీద తమిళ బ్రాహ్మీలో ‘పెరుంపదన్ కల్’ అని, అంటే పెద్ద కంసాలి రాయి అని చెక్కి ఉంది. ఉంగరం చేయబోయే ముందు బంగారాన్ని గీసి చూసే రాయి. కావేరి తీరం నుంచో కృష్ణా ముఖం నుంచో బయలుదేరిన ఓడలో పనిముట్ల సంచితో వచ్చిన వృత్తికారునిది. దిబ్బలో అది ఏ పొరలో, ఏ కొలిమి పక్కన, ఏ పూసల మధ్య ఉండేదో ఎవరూ రాసిపెట్టలేదు. అందువల్ల దాని కాలం లిపి మీదే ఆధారపడి, మూడో నాలుగో శతాబ్దమన్న అంచనాలో నిలిచి ఉంది.